కలివికోడిని లోకమునకు తెలిపిన వైద్యుడు
జెర్డన్ జీవితచరిత్రము

ముద్దనూరు రైలుస్టేషనులో దిగి గండికోటకు పోవు యాత్రికులు కోటబురుజుల నుండి పెన్నానది లోయను చూచి అబ్బురపడుదురు. ఎఱ్ఱని రాతిగోడల నడుమ, చాల లోతున, నీరు సన్నగా మెరయుచుండును. ఆ సొగసును చూచి మరలిపోవువారే ఎక్కువ. కాని తెల్లవారుజామున ఏటియొడ్డుకు దిగి, ఒక రాతిమీద గంటసేపు కదలక మెదలక కూర్చుండగలవానికి నది వేరొక దృశ్యమును చూపును. నీటిపైకి వాలిన కొమ్మమీద ఒక చిన్న నీలిపిట్ట ముడుచుకొని కూర్చుండును. చూచుచుండగనే అది బాణమువలె నీటిలో పడి, చేపపిల్లను ముక్కున కరచుకొని మరల కొమ్మ మీదికి వచ్చును. అదియే లకుముకి పిట్ట.

మన ఏళ్లయొద్ద, చెరువులయొద్ద లకుముకి పిట్టలు మూడు రకములు తఱచుగా కనబడును. మొదటిది పైన చెప్పిన చిన్న నీలిపిట్ట. రెండవది ఇటుకరంగు తల, తెల్లని రొమ్ము, ఎఱ్ఱని పొడవైన ముక్కు, నీలిరెక్కలు గలది. ఇది నీటినే నమ్ముకొని యుండదు. పొలముగట్ల మీదను, బావులయొద్దను, టెలిగ్రాఫు తీగెల మీదను కూర్చుండి మిడుతలను, తొండలను సైతము పట్టి తినును. మూడవది నలుపు తెలుపు చారల పిట్ట. ఇది నీటికి పైన, గాలిలో ఒక్కచోటనే రెక్కలాడించుచు నిలిచి, గుఱి కుదిరినంతనే రాయివలె క్రిందికి పడును. ఈ మూడును మట్టిగట్టులలో సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టుకొనును. గట్టు కూలినచో గూడు పోవును.

నేడు చేత కెమెరా పట్టుకొన్న విద్యార్థి ఈ పిట్ట నీటిలో మునుగు క్షణమును సెకనులో వెయ్యవ వంతు కాలమున బంధింపగలడు. ఇట్టి సాధనములేవియు లేని కాలమున, మన జిల్లాలలోనే తిరుగుచు, భారతదేశపు పక్షులనన్నిటిని ఒక గ్రంథమున కూర్చిన వాడొకడు కలడు. ఆయన వృత్తిచే వైద్యుడు, పుట్టుకచే ఆంగ్లేయుడు. ఆయన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. కడప, నెల్లూరు ప్రాంతముల కలివికోడికి పాశ్చాత్య శాస్త్రగ్రంథములలో నేటికిని ఆయన పేరే కలదు. అట్టి పురుషుని చరిత్ర మన బాలబాలికలు తెలిసికొనదగినది.

జెర్డన్ 1811వ సంవత్సరము అక్టోబరు 12న ఇంగ్లండునందలి డర్హం మండలమున జన్మించెను. 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. మొదట సాహిత్యవిద్యార్థిగా ప్రవేశించినను, అచ్చట ప్రకృతిశాస్త్రమును బోధించు జేమ్సన్ పండితుని ఉపన్యాసములు ఆయన మనస్సును మరియొక దారికి త్రిప్పెను. పిమ్మట వైద్యము నేర్చి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయవైద్యుడుగా నియుక్తుడై, 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయనకు ఇరువది నాలుగేండ్లు.

ఆయనకు మొదట దొరికిన ఉద్యోగస్థలము గంజాం జిల్లా. జ్వరములతోను, రక్తవిరేచనములతోను బాధపడు సైనికులకు చికిత్స చేయుట ఆయన విధి. ఆ పని ముగిసిన వేళలలో తూర్పుకనుమల అడవులలో పక్షులను పరిశీలింప మొదలుపెట్టెను. 1837లో అశ్వదళమునకు మార్చబడి, తిరుచిరాపల్లికిని, అటుపిమ్మట దక్కనులోని జాల్నాకును పోయెను. దండు ఎక్కడికి కదలిన, వైద్యుడును అక్కడికి కదలవలసినదే. సైనికులకు శ్రమగా తోచిన ఆ ప్రయాణములు జెర్డనుకు వరములైనవి. ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క క్రొత్త పక్షి కంటబడుచుండెను.

ఇచ్చట ఒక చిన్న సంఘటనమును చెప్పవలెను. తాను సేకరించిన పక్షులను తానే గుర్తించి పేర్లు పెట్టుటకు ఆ యువకునకు ధైర్యము చాలలేదు. కావున ఆ చర్మములను పెట్టెలలో సర్ది, స్కాట్లండునందలి విలియం జార్డిన్ అను ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞునికి పంపెను. ఓడ మీద నెలల తరబడి ప్రయాణము చేసి ఆ పెట్టెలు గమ్యము చేరునప్పటికి పురుగులు పట్టి పాడైపోయినవి. మరియొకడైనచో నిరాశచెంది ఆ పని మానుకొనియుండును. జెర్డన్ అట్లు చేయలేదు. దూరమున ఉన్న పండితుల తీర్పు కొరకు ఎదురుచూచుట మాని, తన కన్నులను, తన వ్రాతపుస్తకమును నమ్ముకొనెను. ఫలితముగా దక్షిణభారత పక్షుల పట్టిక ఒకటి 1839, 1840 సంవత్సరములలో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో వెలువడెను. అందు 420 జాతుల పక్షులు వర్ణింపబడినవి. అంతకు ముందు సైక్స్ అను సైనికాధికారి వ్రాసిన జాబితాకు ఇది దాదాపు రెట్టింపు.

1839వ సంవత్సరము మరియొక విధమునను గుర్తుంచుకొనదగినది. ఛాయాచిత్రమును తీయు విద్య పారిసు నగరమున లోకమునకు ప్రకటింపబడినది ఆ యేడే. కాని నాటి పలకలపై ఒక బొమ్మ నిలువవలెనన్న వస్తువు చాలసేపు కదలకుండవలెను. ఎగురు పిట్టను ఆ యంత్రము పట్టలేదు. కావున జెర్డన్ చిత్రకారులను ఆశ్రయించెను. మద్రాసులోని దేశీయ చిత్రకారులచే పక్షుల రూపములను వ్రాయించి, వానిని శిలాముద్రణమున అచ్చొత్తించి, 1847 నాటికి 50 పటములు గల చిత్రగ్రంథమొకటి పూర్తిచేసెను. ఈక యొక్క రంగును, ముక్కు యొక్క వంపును తప్పుపోకుండ దించిన ఆ చేతులు మన దేశపువారివే.

1841లో జెర్డన్ ఫ్లోరా అను యువతిని వివాహమాడెను. ఆమెకు మొక్కలయందును, వాని చిత్రములను వ్రాయుటయందును ఆసక్తి మెండు. జెర్డనుకు పక్షులతోపాటు వృక్షశాస్త్రమునందును ప్రవేశముండెను. పశ్చిమకనుమలలో దొరకు ఒక చిన్న పూలమొక్కకు రాబర్ట్ వైట్ అను వృక్షశాస్త్రవేత్త ఆయన పేరిట జెర్డోనియా అని నామకరణము చేసెను.

1840 దశకమున జెర్డన్ నెల్లూరు జిల్లాకు సివిల్ సర్జనుగా వచ్చెను. తెలుగువారమైన మనకు ఆయన జీవితమున ముఖ్యమైన ఘట్టమిదియే. నెల్లూరు సీమలోను, దానికి పడమట కొండలలోను యానాదులు నివసించుచుందురు. చదువు సంధ్యలు లేనివారని పట్టణవాసులు వారిని చులకనగా చూచుచుండిరి. కాని ఏ పుట్టలో ఏ పాము ఉండునో, ఏ పొదక్రింద ఏ పిట్ట గ్రుడ్లు పెట్టునో, ఏ వేళ ఏ జంతువు నీటికి వచ్చునో వారికి తెలిసినట్లు మరియెవరికిని తెలియదు. జెర్డన్ వారితో స్నేహము చేసెను. వారు చూపిన జంతువులను పరిశీలించి, వారు పలికిన పేర్లను పలికినట్లే తన పుస్తకమున వ్రాసికొనెను. తరువాత ఆయన వ్రాసిన గ్రంథములలో లాటిను నామముల ప్రక్కనే తెలుగు, తమిళము, హిందూస్థానీ మొదలగు భాషల పేర్లును కనబడుట ఈ స్నేహముల ఫలమే. అదే కాలమున ఉత్తర సర్కారులలో ఉన్నతోద్యోగము చేయుచుండిన వాల్టర్ ఇలియట్ దొర తెలుగు మొక్కల పేర్లను సేకరించి 1859లో ఒక గ్రంథముగా ప్రకటించెను. దొరలు కొందఱికైన ఆనాడు మన పల్లెజనుల మాట విలువైనదిగా తోచినది.

నెల్లూరు, కడప జిల్లాల నడుమ కొండలలో, ముళ్లపొదల చిట్టడవులలో జెర్డనుకు ఒక అపూర్వమైన పక్షి దొరకినది. అది జానెడుకన్న కొంచెము ఎక్కువ పొడవు గలది. గోధుమవన్నె దేహము, కంటిపైన తెల్లని పట్టె, గొంతుమీద కావిరంగు మచ్చ, రొమ్మున రెండు అడ్డపట్టెలు దాని గుర్తులు. నీటియొడ్డున తిరుగు ఉల్లంకి జాతులకు అది దూరపు చుట్టమైనను నీటిని ఆశ్రయించదు. పొదల నడుమ బయలు నేలపై పరుగెత్తుచుండును. పగలు నీడను దాగి, రాత్రివేళ మేతకు వెడలును. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారి వస్తుప్రదర్శనశాలకు అధికారియైన ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని క్రొత్తజాతిగా వర్ణించెను. రెండు కంఠహారములు గలది అను అర్థము వచ్చునట్లు దానికి శాస్త్రనామము పెట్టెను. ఆంగ్లమున మాత్రము అది జెర్డన్ పేరిటనే వ్యవహరింపబడుచున్నది. కలివిపొదల మాటున తిరుగునది గనుక కడప సీమలో దానిని కలివికోడి అని పిలుతురు.

నెల్లూరు పిమ్మట జెర్డన్ మలబారు తీరమందలి తలచేరికి బదిలీయైపోయెను. అచ్చట చీమల మీద దృష్టి నిలిపి, 1851లో దక్షిణభారత చీమలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఎరమీదికి దుమికి పట్టుకొను ఒక విచిత్రమైన చీమను లోకమునకు మొదట తెలిపినది అందులోనే. మంచినీటి చేపలను గూర్చియు, పాములను గూర్చియు ఆయన వ్రాసెను. పిమ్మట మధ్యభారతమునందలి సాగరునకు సైనికవైద్యుడుగా పోయెను.

ఇంత పరిశ్రమ చేసిన ఆయనకు ఒక లోపము స్పష్టముగా కనబడుచుండెను. భారతదేశపు పక్షులను గూర్చిన విషయములు పలుదేశముల పత్రికలలో చెల్లాచెదరుగా పడియుండెను. ఊరికి దూరమున, పుస్తకశాలలు లేనిచోట ఉద్యోగము చేయు వానికి అవి దొరకుట కల్ల. ఒక్క గ్రంథమును చేతబట్టుకొని అడవికి పోయిన వాడు తాను చూచిన పిట్ట యేదో గుర్తింపగలుగవలెనని ఆయన సంకల్పించెను. 1861 ప్రాంతమున అనారోగ్యకారణమున డార్జిలింగునకు పోయినప్పుడు ఆ అవకాశము లభించెను. గవర్నరు జనరలైన కానింగ్ ప్రభువు ఆయన యత్నమును మెచ్చి, గ్రంథరచనకై ఆయనను ప్రత్యేకోద్యోగమున నియమించెను. 1862 మొదలు 1864 వఱకు భారతపక్షి గ్రంథము రెండు సంపుటములు, మూడు భాగములుగా వెలువడినది. అందు వేయిని మించిన జాతులు వర్ణింపబడినవి. ఒక్కొక్క పక్షి యొక్క రూపము, కొలతలు, నివాసము, ఆహారము, గూడు, కూత, దేశభాషలందలి పేర్లు అందు గలవు. మన లకుముకి పిట్టలకును, విజయదశమినాడు మనము దర్శనము చేసికొను పాలపిట్టకును అందు చోటు కలదు.

ఆ గ్రంథము చేసిన మేలు ఇంతింతకాదు. భారత జాతీయ కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన హ్యూమ్ పక్షిశాస్త్రమున మహాకార్యములు చేసినవాడు. ఆయనయు, ఆయన తరమువారును జెర్డన్ వేసిన పునాదిమీదనే తమ కట్టడములను లేపిరి. జెర్డన్ అంతటితో విశ్రమింపలేదు. 1867లో భారతదేశపు క్షీరదములను గూర్చిన గ్రంథమును రూర్కీలో అచ్చువేయించెను. సరీసృపముల మీద మరియొక గ్రంథమును తలపెట్టెను. 1868లో ఉద్యోగమును విరమించినను వెంటనే స్వదేశమునకు పోక, అస్సాము దేశమున తిరుగుచు జ్వరపీడితుడయ్యెను. 1870లో ఇంగ్లండునకు మరలి, 1872 జూన్ 12న లండను సమీపమున కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు అరువదియేండ్లు. అందు ముప్పదినాలుగేండ్లు ఈ దేశముననే గడచినవి.

మహనీయుల చరిత్రములను చెప్పునప్పుడు గుణములను మాత్రమే చెప్పుట మన అలవాటు. విద్యార్థులకు అది చాలదు. జెర్డన్ పక్షులను ప్రేమించెను, కాని తుపాకితో కొట్టి సేకరించెను. చేతబట్టి కొలువనిదే పక్షిని గుర్తింపజాలని కాలమది. నేడు దూరదర్శిని, కెమెరా, ధ్వనిముద్రణ యంత్రము ఆ పనిని ప్రాణహాని లేకుండ చేయుచున్నవి. మఱియు ఆయన ఒక పరప్రభుత్వపు సైన్యమున కొలువుచేసినవాడు. ఆయన సంచారములకు దారిచేసినది ఆ ప్రభుత్వపు దండయాత్రలే. యానాదుల నుండి ఆయన నేర్చుకొన్నది అంతయు ఇంతయు కాదు. అయినను పక్షికి నిలిచిన పేరు ఆయనదే. ఈ విషయములు ఆయన పరిశ్రమను తక్కువ చేయవు. కాని శాస్త్రజ్ఞానము ఏయే చేతులమీదుగా మనకు వచ్చినదో అవి తెలుపును.

కలివికోడి కథ జెర్డన్ మరణముతో ముగియలేదు. ఆయన తరువాత దానిని చూచినవారు బహుకొద్దిమంది. 1900లో అనంతపురము ప్రాంతమున పెన్నాలోయలో కనబడినట్లు వ్రాతలు గలవు. అటుపిమ్మట ఎనుబదియైదేండ్లకు పైగా శాస్త్రజ్ఞుల కంట అది పడలేదు. వెదకినవారు వెదకి విసిగిరి. అది నశించిపోయినదని పలువురు నమ్మిరి. అట్టి సమయమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప జిల్లాలో మరల వెదకింపసాగిరి. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్ పక్షి బొమ్మను చేతబట్టుకొని గ్రామగ్రామము తిరిగి, పిట్టలు పట్టువారిని విచారించెను. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున స్థానికుడైన వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగున ఒక కలివికోడిని పట్టుకొనెను. తొంబదియేండ్లు సమీపించిన సలీం అలీ మహాశయుడు వార్త విని ఆ ముదిమిలోను పరుగున వచ్చెను. దురదృష్టవశమున పట్టుబడిన ఆ పక్షి ఎక్కువకాలము బ్రదుకలేదు. కాని ఆ జాతి జీవించియున్నదన్న సత్యము స్థిరపడెను.

ఇచ్చట మనము ఒక్క విషయమును ఆలోచింపవలెను. ఎనుబదియైదేండ్లు ఆ పక్షి కనబడకుండ పోయినది పుస్తకములలో మాత్రమే. కలివిపొదల నడుమ పశువులను మేపుకొనువారికి, పిట్టలను పట్టువారికి అది ఉన్నదని తెలియును. దానికొక పేరును వారియొద్ద ఉండెను. జెర్డన్ యానాదులను అడిగి తెలిసికొన్నట్లే, 1986లో వెదకినవారును అడవినెఱిగిన వారిని అడిగినంతనే పక్షి దొరకినది. నడుమ గడచిన కాలమున వారిని అడిగి వెదకిన వారే కఱవైరి.

ఆ తరువాత జరిగినది పలువురికి తెలిసియే యుండును. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఆ పక్షి రక్షణకై ఏర్పడెను. 1988లో తపాలాశాఖవారు దాని బొమ్మతో బిళ్లను విడుదలచేసిరి. పరిశోధకులు దారులలో మెత్తనిమట్టి పరచి అడుగుజాడలను చూచియు, తమంతట తామే బొమ్మ తీయు కెమెరాలను పొదలలో నిలిపియు, దాని కూతను యంత్రమున పట్టియు పరిశీలించిరి. జెర్డన్ కాలమున ఎగురు పిట్టను పట్టలేకపోయిన ఛాయాచిత్రయంత్రము, చీకటిలో తిరుగు ఆ పక్షిని చివరకు పట్టినది. తెలుగుగంగ కాలువ త్రవ్వకము దాని నివాసమును తాకినప్పుడు పెద్ద వివాదము చెలరేగి, కాలువ మార్గమును మార్చవలసివచ్చెను. సేద్యపు నీరు రాయలసీమకు ప్రాణము. ఆ నీటిని కోరిన రైతును తప్పుపట్టరాదు. అయినను ప్రపంచమున మరియెచ్చటను దొరకని జీవి మన పొదలలో తలదాచుకొన్నప్పుడు, కాలువను కొంత దూరము వంచుట సాధ్యమే గాని, నశించిన జాతిని మరల పుట్టించుట ఎవరికిని సాధ్యము కాదు. నేటికిని ఆ పక్షి అత్యంత ప్రమాదస్థితిలోనే యున్నది. పిమ్మట మరల చాల ఏండ్లు దాని జాడ తెలియలేదు. 2025లో కడప జిల్లాలో దాని కూత మరల వినబడినదన్న వార్త పక్షిప్రియులకు ఊరట కలిగించినది.

కలివికోడికి వచ్చిన ఆపద లకుముకి పిట్టకు నేడు రాలేదు. ఊరూర అది కనబడుచున్నదని మనము దానిని లెక్కచేయము. కాని ఏటి ఇసుకను తోడివేసి, గట్టులను కూలద్రోసి, నీటిని మురికిచేసినచో అది గూడు పెట్టుకొనుటకు మట్టియు, తినుటకు చేపయు మిగులవు. సామాన్యమైన దానిని సామాన్యముగ నున్నప్పుడే గమనించి వ్రాసియుంచుట మంచిది. అరుదైన పిమ్మట వ్రాయుటకు ఏమియు ఉండదు.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. సెలవుదినమున పిల్లలను పెన్నాయొడ్డునకో, మైలవరము జలాశయమునకో, ఊరి చెరువుగట్టునకో తీసికొనిపోవుడు. ఒక్కొక్కరిచేత ఒక్కొక్క వ్రాతపుస్తకము పట్టింపుడు. చూచిన పిట్ట, చూచిన దినము, చూచిన చోటు, అది చేయుచున్న పని అందు వ్రాయింపుడు. కెమెరా గలవారు బొమ్మ తీయవచ్చును. కాని గూటి దగ్గఱకు పోరాదు, పిట్టను బెదరగొట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పిట్టను ఊరిలోని ముసలివారు, గొఱ్ఱెలకాపరులు, చేపలు పట్టువారు ఏ పేరుతో పిలుతురో అడిగి వ్రాయింపుడు. జెర్డన్ 1840 దశకమున నెల్లూరు సీమలో చేసిన పని ఇదియే. దానికి వలసినది ఓర్పు, తెలియనిది అడుగుటకు సిగ్గుపడని మనస్సు. ఆ రెండును మన పిల్లలకు కొదువలేదు.